కింది తొట్టి కానుపులు

సముద్రపు కుందేలుకి సంబంధాలు వెతుక్కునే బాధ లేదు. మొగుడూ అదే, పెళ్లామూ అదే. రెండు కలిస్తే ఎవరు ఏ వేషం కట్టాలన్న పేచీ రాదు. నాలుగు కలిస్తే ఒకదాని వెనక ఒకటి బండ్ల బారులా నిలుస్తాయి. అన్నిటికన్నా ముందున్నది ఆడది, చిట్టచివరిది మగది, నడుమనున్నవి ముందుదానికి మొగుళ్లు, వెనకదానికి పెళ్లాలు. ఇంత సుఖమైన ఏర్పాటు చేసుకున్న ప్రాణి చూపులకి మాత్రం సున్నా. పొయ్యి తుడిచిన మసిగుడ్డను నీళ్లలో వదిలేసినట్టు ఉంటుంది. పేరుకి నత్తేగాని వీపు మీద గుల్ల కనపడదు. తలమీద రెండు కొమ్ములు చెవుల్లా నిక్కి ఉంటాయని కుందేలన్నారు తప్ప, కుందేలుకున్న తొందరలో దానికి వీసమెత్తు లేదు.

సముద్రం ఒడ్డున ఉన్న పరిశోధన కేంద్రంలో ఒకావిడ ఈ నత్తలతో మూడేళ్లుగా కాపురం చేస్తోంది. పొద్దున్నే వాటికి నాచు వేయడం, తొట్లు కడగడం, సూదులివ్వడం, గుడ్లు పెడుతుంటే పక్కన నిలబడి చూడడం ఆమె పని. కేంద్రంలో అందరూ ఆమెను మంత్రసాని అనేవారు. వెక్కిరింతగా పుట్టిన పేరే, వాడగా వాడగా అరిగి నున్నబడి ముద్దుపేరైంది. నత్తని గట్టిగా పట్టుకుంటే అది ఊదారంగు సిరా కక్కుతుంది కాబట్టి ఆమె వేళ్లు ఎప్పుడు చూసినా నేరేడుపళ్లు తిన్న నాలుకలా ఉండేవి.

ఆమె తేల్చాలనుకున్నది ఒకటే. నత్త పొట్టలో శనగగింజంత నాడీముడి ఉంది. దానికి రెండు పక్కలా రెండు కణాల గుత్తులు చిన్న సంచుల్లా అంటుకుని ఉంటాయి. మామూలు నాడీకణం పక్కదాని చెవిలో గుసగుసలాడి ఊరుకుంటుంది. ఈ సంచికణాలకి ఆ మర్యాద తెలియదు. కదిలాయంటే అన్నీ ఒక్కసారే కదులుతాయి. నాడీకణాలు తయారుచేసే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కల్ని న్యూరోపెప్టైడ్లంటారు. ఈ సంచికణాలు వాటిని నెత్తుట్లోకి కుమ్మరించి ఒళ్లంతా టముకు వేస్తాయి. ఆ టముకు వినపడగానే నత్త నడక ఆపుతుంది. నోటి దగ్గరున్న మేత వదిలేస్తుంది. కుడిపక్క గాడి వెంట సన్నటి పసుపుపచ్చ దారం బయటికొస్తుంది. అది ఒట్టి దారం కాదు, లక్షల గుడ్ల మూట. ఆ దారాన్ని పెదవితో అందుకుని, తల అటూ ఇటూ ఊపుతూ, మడత మీద మడత వేస్తూ, ఒక్కో మడతనీ మూతితో తట్టి తట్టి గోడకి అంటిస్తుంది. తల్లి నేర్పిన విద్య కాదు. తల్లి మొహం అది ఎన్నడూ చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క గుడ్ల దారమైనా చూడని నత్త కూడా మొదటిసారే ఆ పని తప్పు లేకుండా చేస్తుంది. మంత్రసాని ఎన్ని కానుపులు చూసినా, దారం మొదటి మడత పడేటప్పుడు ఆమె చేతిలో పని దానంతటదే ఆగిపోయేది.

ఆ సంచికణాల రసం తీసి, గుడ్ల ధ్యాసే లేని నత్తకి సూదితో ఎక్కిస్తే, ఆ మొత్తం తంతు మొదటినుంచి చివరిదాకా జరిగితీరుతుందని ఆమె వాదన. అది రుజువు కావాలంటే పక్కన ఇంకో వరస నత్తలుండాలి. వాటికీ అదే సూది, అదే పోటు, కాని లోపలుండేది ఒట్టి ఉప్పునీరు. మందు పుచ్చుకున్నవి కనాలి, నీళ్లు పుచ్చుకున్నవి ఊరుకోవాలి. అవి ఊరుకుంటేనే మందుకి విలువ.

ఈ విషయం ఇంట్లో ఆమెకన్నా బాగా అర్థమైంది అత్తగారికి. ఆవిడ కానుపుల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్లో సగం మందిని మొదట తలకిందులుగా పట్టుకుంది తనేనని చెప్పుకునేది. కోడలు చేసే పని విన్న రోజున ఆవిడ అడిగింది ఒకే మాటట: కానుపు రావడానికి సూది ఉంది సరే, రేవులో క్రేను నడిపే తన కొడుక్కి పొద్దున్నే మెలకువ రావడానికి కూడా అందులో ఏమైనా ఉందా అని.

ఆ అత్తగారు లేకపోతే మంత్రసాని చదువు ఎప్పుడో అటకెక్కేది. కొడుక్కి షిఫ్టులు, కోడలికి నత్తలు. నడుమ నాలుగేళ్ల మనవరాలు నాయనమ్మ కొంగు పట్టుకుని పెరుగుతోంది. ఆవిడకీ ఒక కోరిక లేకపోలేదు. భర్త పోయిన చెల్లెలు వేరే ఊళ్లో ఒంటరిగా ఉంటోంది. ఇద్దరూ ఒక ఇంట్లో చేరి, ఎవరికీ వండక్కర్లేకుండా, ఎవరికీ జడలు వేయక్కర్లేకుండా బతకాలని ఏళ్లుగా అనుకుంటున్నారు. కోడలికి డాక్టరేటు పట్టా వస్తే కేంద్రంలో ఉద్యోగం ఖాయమవుతుంది, ఆవరణలోనే ఇల్లిస్తారు, గోడ అవతలే బడి. అప్పుడిక నాయనమ్మ కాపలా అక్కర్లేదు. ఈ ఏటితో మిమ్మల్ని వదిలేస్తానత్తయ్యా అని మంత్రసాని మాటిచ్చింది. ఆవిడ పెట్టె సర్దడం కూడా మొదలెట్టింది.

అలాంటప్పుడు వచ్చాడు జల్లెడ.

జల్లెడ అన్నది బయటినుంచి వచ్చే పరీక్షకుడికి విద్యార్థులు పెట్టిన పేరు. ఆయన చేతిలో పడ్డ సిద్ధాంత వ్యాసాల్లో ఎక్కువ భాగం పైనే ఉండిపోతాయి, సన్నటి పిండి మాత్రమే కిందికి దిగుతుంది. మనిషి పొట్టి, మాట మెత్తన. ఈ రెండూ చూసి మోసపోయినవాళ్లు చాలామంది. రాత పరీక్షించడం అయింది, ఇక నత్తల్ని కళ్లారా చూడాలన్నాడు. రేపు మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటానని, మంత్రసాని పరిశోధనకి పెద్దదిక్కైన గైడుగారికి చెప్పాడు.

నత్తల గది పొడుగ్గా ఉంటుంది. గోడ వెంబడి మెట్లలా రెండు వరసల గాజు తొట్లు. ఈ ఏర్పాటు పంపుల బాబాయిది. బాబాయి కేంద్రంలో మోటార్లు, గొట్టాలు చూసే మనిషి, మంత్రసానికి ఏ చుట్టరికమూ లేదు, పిలుపే చుట్టరికం. రెండేళ్ల కిందట సముద్రపు నీటి మోటారు నీరసించి, తొట్టి తొట్టికీ విడిగా నీళ్లు పారించలేకపోతే, ఆయన తన తండ్రి పొలం పారించిన పద్ధతే ఇక్కడ పెట్టాడు. పైమడి నిండితే నీళ్లు కిందిమడికి దిగుతాయి. పై తొట్టి అంచున చిన్న గాడి, అక్కడినుంచి కింది తొట్టి మూలకి గొట్టం. సగం నీళ్లతో పని జరిగింది. గైడుగారు మెచ్చుకున్నారు, మంత్రసాని మెచ్చుకుంది, వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. మంత్రసానిది పద్ధతైన చెయ్యి. మందు పుచ్చుకున్నవి ఎప్పుడూ పై వరస, నీళ్లు పుచ్చుకున్నవి ఎప్పుడూ కింది వరస. తొట్టికి నాలుగేసి నత్తలు.

ఆ పొద్దున సూదులు పూర్తయ్యాక అందరూ పై వరస ముందు నిలబడ్డారు. కాసేపటికి ఒక నత్త నడక ఆపింది. ఇంకొకటి ఆపింది. దారం కనపడింది. గైడుగారు పెళ్లికూతురి తండ్రిలా పక్కకి జరిగి, చూడండి చూడండి అంటూ చోటిచ్చారు. పై వరసలో ఒక్కటీ మాట తప్పలేదు. ఎక్కడ సూది గుచ్చుకుందో అక్కడే ఆగి, తల ఊపుతూ దారం పేర్చడం మొదలెట్టాయి.

జల్లెడ వాటిని ఒకసారి చూసి తలాడించి, ప్యాంటు మోకాళ్ల దగ్గర కొంచెం పైకి లాక్కుని, కింది వరస ముందు నేలమీద చతికిలబడ్డాడు. గైడుగారు కుర్చీ తెప్పిస్తానన్నారు. అక్కర్లేదన్నాడు. కింద ఏమీ జరగదు సార్, అవి ఒట్టి నీళ్లవి అన్నారు. అందుకే చూస్తున్నానన్నాడు.

ఏమీ జరగని చోట ఎవరూ చూడరు. ఇన్నాళ్లూ పై వరస పని అయిపోగానే కింది వరసవైపు ఒక చూపు పారేసి, గుడ్లు లేవని రాసుకుని, గది తలుపు వేసుకుపోవడం అలవాటు. ఎప్పుడైనా ఒకటి రెండు కింద కూడా కంటే, దానికి వేళ వచ్చింది పాపం అనుకునేవారు. జల్లెడ మాత్రం లేవలేదు. టీ తాగే వేళ దాటింది, భోజనం వేళ వచ్చింది, ఆయన లేవలేదు. మంత్రసాని కూడా మర్యాదకి పక్కనే నిలబడింది. ఆమె కళ్లముందే కింది తొట్టిలో ఒక నత్త తల ఊపడం మొదలెట్టింది. పసుపుపచ్చ దారం. తర్వాత పక్కది. తర్వాత అవతలి తొట్టిలో ఇంకోటి.

జల్లెడ చాలా మెల్లగా అన్నాడు: "అమ్మా, మందు పుచ్చుకున్నవీ కన్నాయి, నీళ్లు పుచ్చుకున్నవీ కన్నాయి. వేళ వచ్చిన నత్తలకి సూది గుచ్చి, కానుపు మన గొప్పే అనుకుంటున్నాం. కోడి కూసింది కాబట్టే తెల్లారిందన్నట్టుంది."

అందులో ఎకసెక్కెం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. రేపు మధ్యాహ్నం లోపల ఇంకేమైనా చూపించగలిగితే చూస్తానని చెప్పి ఆయన గెస్టుహౌసుకి వెళ్లిపోయాడు.

వరండాలో గైడుగారు ఆమెను పక్కకి పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ సంచికణాల మీద తన పడుచుదనమంతా ధారపోసినవాడు. రేపు కింది వరసలో చిన్న నత్తల్ని పెట్టమన్నారు, ఇంకా లోపల గుడ్లే ఊరనివాటిని. అవి తలకిందులుగా తపస్సు చేసినా కనవు.

"అప్పుడు మనకి కొత్తగా తెలిసేదేముంది సార్?" అంది మంత్రసాని.

"నీకు పట్టా వస్తుందని తెలుస్తుంది."

ఆమె ఇంటికి ఫోన్ చేసి, రావడానికి ఆలస్యమవుతుందని అత్తగారికి చెప్పింది. ఏదో ఒకటి తేలిందా అని ఆవిడ అడిగింది. కనకూడనివి కన్నాయత్తయ్యా అంది కోడలు. "తల్లులన్నీ బాగున్నాయా?" అంది ఆవిడ, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ. బాగున్నాయని చెబితే, అయితే ముందు ఏదైనా తిని తర్వాత ఏడువు అని పెట్టేసింది.

మంత్రసాని తినలేదు, ఏడవలేదు. వెళ్లి జల్లెడ కూర్చున్న చోటే కూర్చుంది. అక్కడినుంచి చూస్తే గది వేరేగా ఉంది. మూడేళ్లుగా నిలబడి చూసిన గదిని మొదటిసారి కూర్చుని చూస్తోంది. పైవి ఎక్కడివక్కడ విడివిడిగా ఆగి గుడ్లు పెట్టాయి, ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. కిందివి అలా లేవు. ప్రతి తొట్టిలోనూ నాలుగు నత్తలూ ఒకే మూలకి చేరాయి. కొమ్ములు నిక్కబొడుచుకుని, ఒకదాని వెనక ఒకటి బారు కట్టి, జత కూడి, ఆ తర్వాతే కన్నాయి. మందు పుచ్చుకున్నవాటికి జత అక్కర్లేకపోయింది. వీటికి కావలసివచ్చింది. ఒకే కానుపు అయితే రెండు దార్లెందుకు?

ఆ మూలలో ఏముందా అని చూసింది. గొట్టం పడే మూల. గాలి బాగా తగులుతుందని చేరి ఉంటాయనుకుంది. అలాగే అనుకుని ఊరుకునేదేమో. కాని కానుపైన నత్తల్ని వేరే తొట్టికి మార్చాలి కాబట్టి లేచి పై తొట్టిలో ఒకదాన్ని పట్టుకుంది. మనసు మనసులో లేదు, వేళ్లు బిగుసుకున్నాయి. నత్తకి కోపమొచ్చి బుస్సున సిరా కక్కింది.

ఊదారంగు పొగలా తొట్టిలో విచ్చుకుంది. అంచు దాకా వచ్చి, గాడిలో దూరి, గొట్టంలో దిగి, కింది తొట్టి మూలన మళ్లీ విచ్చుకుంది. సరిగ్గా నత్తలు గుమిగూడిన చోట. అది తగలగానే కింది నత్తలు నాలుగూ ఒక్కసారే ముడుచుకుపోయాయి. పైన ఒకదాన్ని నొక్కితే కింద నాలుగు ఉలిక్కిపడ్డాయి.

మంత్రసాని చేతిలో నత్తని పట్టుకునే అలా నిలబడిపోయింది. చెయ్యంతా ఊదారంగు. సిరాకి రంగుంది కాబట్టి దారి కనపడింది. రంగులేనివి ఇంకెన్ని ఈ దారినే దిగుతున్నాయో! పైన పేర్చిన గుడ్ల దారాలను కడుక్కుంటూ వచ్చిన నీరే రోజంతా కింది తొట్లలో పడుతోంది. గుడ్లలో ఏదో ఉంది. అది నీళ్లలో కలిసి, ఇక్కడ కానుపు జరుగుతోంది, చోటు మంచిది, రండి అని పిలుస్తోంది. సముద్రంలో ఈ నత్తలు గుంపుగా ఒకే రాతి మీద గుడ్లు పెడతాయని ఆమెకి తెలుసు. తెలిసిన సంగతిని తెచ్చి ఈ గదిలో పెట్టుకోవాలని తోచలేదు, అంతే. కింది నత్తలు తప్పు చేయలేదు. ఉప్పునీళ్ల సూదికి లొంగలేదు. పైనుంచి కబురొస్తే విన్నాయి.

తెల్లవారగానే బాబాయిని పట్టుకుంది. పై వరసకి విడిగా, కింది వరసకి విడిగా నీళ్లు కావాలంది. ఒక్క చివరి జత తొట్లు మాత్రం పాత పద్ధతిలోనే, పైది కిందికి దిగేలా ఉంచమంది. సంగతి విన్నాక బాబాయి చేతిలో గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదంతా నా మూలానేనా తల్లీ?"

"నీ నీళ్లలో తప్పు లేదు బాబాయ్. అవి నువ్వు చెప్పినట్టే పారాయి. పైన ఏం పెడుతున్నానో నేనే చూసుకోలేదు."

ఆయన పనిలో దిగాడు. మోటారు మూలిగింది. జల్లెడ వచ్చేసరికి తొట్లు సిద్ధంగా ఉన్నాయి, గైడుగారు వరండాలోనే ఆగి చల్లారిన టీ చేతిలో పట్టుకుని ఉన్నారు. చిన్న నత్తలు ఏ తొట్టిలోనూ లేవని ఆయన కిటికీలోంచే చూసుకున్నారు.

ఈసారి మంత్రసాని వరసలు తారుమారు చేసింది. మందు కిందివాటికి, ఒట్టి నీళ్లు పైవాటికి. అన్నీ నిన్న కనని, గుడ్లు ఊరిన పెద్దవే. కింది వరస వేళకి మాట నిలబెట్టుకుంది. పై వరసలో ఒకటి నాచు నముల్తూ కూర్చుంది, ఒకటి గాజుగోడ ఎక్కి దిగి మళ్లీ ఎక్కింది, ఒకటి ఏ పనీ లేనివాడు వీధరుగు మీద పడుకున్నట్టు పడుకుంది. జల్లెడ నిన్నటిలాగే నేలమీద కూర్చుని, ఈసారి మెడ పైకెత్తి, ఏమీ జరగని వరసనే చూశాడు. ఎంతసేపు చూసినా ఏమీ జరగలేదు.

తర్వాత ఆమె ఆయన్ని చివరి జత దగ్గరికి తీసుకెళ్లింది. పై తొట్టి ఖాళీ. ఒక్క నత్త లేదు. కింది తొట్టిలో నాలుగు, వాటికి ఏ సూదీ తగల్లేదు, అసలు ఎవరూ ముట్టుకోలేదు. నిన్నటి గుడ్ల దారంలో వేలెడు ముక్క తుంచి పై తొట్టిలో వేసింది. నీళ్లు దాన్ని ఒరుసుకుంటూ కిందికి దిగాయి.

కొంతసేపు ఏమీ లేదు. ఆ తర్వాత అవతలి గోడన ఉన్న నత్త కొమ్ము ఎత్తింది. తల తిప్పింది. పిలుపు ఎటునుంచో తేల్చుకోవడానికన్నట్టు ఒక క్షణం ఆగి, గొట్టం మూలకేసి బయల్దేరింది. దాని వెనక ఇంకొకటి. మూడోది మేత వదిలి బయల్దేరింది. తొందర లేదు, తడబాటు లేదు. కళ్లు సరిగ్గా లేని, చెవులే లేని ప్రాణులు, వేలెడు గుడ్ల దారం కడిగిన నీళ్లలో ఒక కబురు చదువుకుని నడిచాయి. మూలకి చేరి, ఒకదాన్నొకటి తడుముకుని, బారు కట్టాయి.

జల్లెడ కళ్లద్దాలు తీసి, తుడుచుకోకుండానే మళ్లీ పెట్టుకున్నాడు. లోపల ఒక కబురు, బయట ఒక కబురు అన్నాడు. లోపలిది ఒంటికి చెబుతుంది, బయటిది ఊరికి చెబుతుంది. ఆ బయటిది కూడా పెప్టైడేనా అని అడిగాడు. పెప్టైడే అయ్యుంటుందని అనుమానం, కాని తను తేల్చలేదు కాబట్టి అవునని చెప్పలేనంది మంత్రసాని. ఆయన ముప్పై ఏళ్లుగా ఇలాంటి గదుల్లో తిరుగుతున్నాడు. ఆ జవాబు విన్నాక ఆమెకేసి చూసిన చూపు, అంతకుముందు నత్తలకేసి చూసిన చూపు, రెండూ ఒకటే.

"నాకు సందేహం తీరిందమ్మా. కాగితాలు తెప్పించండి, సంతకం పెట్టేస్తాను."

గైడుగారు గదిలోకి వచ్చారు. కాగితాలు ఆయన చంకలోనే ఉన్నాయి.

మంత్రసాని తొట్టి అంచు పట్టుకుంది. మొదటి ఏడాది పని విడిగా నీళ్లు పారే తొట్లలో చేసింది, దానికి ఢోకా లేదు. తర్వాత రెండేళ్లు చేసిందంతా ఈ మెట్ల తొట్లలోనే. అప్పుడప్పుడు కింద కన్నవాటిని వేళ వచ్చినవని తీసిపారేసి సగటు కట్టింది. వ్యాసంలో పెద్ద అధ్యాయం అదే. ఆయన దాన్ని చదివాడు, పొగిడాడు కూడా. సంతకానికి, ఉద్యోగానికి, ఆవరణలో ఇంటికి, అత్తగారి రైలుకి అడ్డం ఇక ఏమీ లేదు, తన నోరు తప్ప.

"పెట్టకండి సార్," అంది. "మూడో అధ్యాయం తప్పు. అందులో కింది వరసంతా పైవాటి నీళ్లు తాగిందే. మందు బలం ఎంతో అందులోంచి చెప్పలేం. మళ్లీ చెయ్యాలి."

గైడుగారు ఆమె పేరు పెట్టి పిలిచారు. కేంద్రంలో ఆ పేరు వినిపించి చాన్నాళ్లయింది.

"నేను దాని గురించి అడగలేదే," అన్నాడు జల్లెడ.

"మీరు అడగలేదు కాబట్టే చెబుతున్నాను సార్. మీరు అడిగి ఉంటే జవాబు మీ ఖాతాలో పడేది."

ఆయన కలం మూత పెట్టేశాడు. ఈ ఏడు నత్తల కాలం అయిపోవచ్చింది, ముసలివి పోతే పిల్లలు పెరిగి పెద్దవయ్యేదాకా ఆగాలి, అంటే మరో ఏడాది. ఆ మాట ఆయనా అన్నాడు, ఆమె తలూపింది. వెళ్లేముందు ఆయన చెప్పిందొకటే: వచ్చే ఏడు కూడా పరీక్షకి తననే పిలవాలని, ఇంకెవరినైనా పిలిస్తే ఊరుకోనని. గైడుగారు ఆ సాయంత్రం ఆమెతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పడం జల్లెడకి చెప్పినంత తేలిక కాలేదు. ఆవిడ మనవరాలికి జడ వేస్తోంది. అంతా విని, రిబ్బను ముడి వేసి, పిల్లని ఆటకి పంపేసి, అప్పుడు మొదలెట్టింది. చెల్లెలు గదికి సున్నం వేయించింది. మంచం కొన్నది. తనకి మోకాళ్లు నొప్పులు. నిజం చెప్పడం గొప్పే, కాని నీ నిజానికి నా ఏడాది ఎందుకు కట్టాలి అంది. మీరు వెళ్లండత్తయ్యా, పిల్లని నేను కేంద్రానికి తీసుకెళ్తాను, ఎలాగో నెట్టుకొస్తానంది మంత్రసాని. ఆ మాటతో ఆవిడకి ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడే పిల్లని ఎత్తుకుని కేంద్రానికి వచ్చింది. తన ఏడాది ఎవరి పాలవుతోందో మొహం చూడాలంది. గదిలో అడుగుపెట్టగానే అలవాటుగా కుళాయి వెతికి చేతులు కడుక్కుంది. బాబాయి స్టూలు వేశాడు. చివరి తొట్టిలో, నిన్న ఎవరూ సూది ఇవ్వని నత్త ఒకటి అప్పుడే నడక ఆపింది.

ఆవిడ ముందుకి వంగింది. దారం బయటికొచ్చింది. నత్త దాన్ని పెదవితో అందుకుంది, తల ఊపింది, మడత వేసింది, మూతితో తట్టింది. ఇంకో మడత. మళ్లీ తట్టింది. గోడ సరిగ్గా లేని చోట ఆగి, ఆ మడత లాగి, పక్కన పెట్టి తట్టింది. మనవరాలు అది ఏం చేస్తోందని అడిగితే నాయనమ్మ చూడమని వేలు చూపించింది. చాలాసేపు కళ్లు తిప్పలేదు.

"మా వార్డులో అరుపులుండేవి," అంది చివరికి, కోడలితో అన్నట్టూ కాదు. "వాళ్లు నొప్పికి అరిచేవాళ్లు, మేం వాళ్లమీద అరిచేవాళ్లం. అరవకపోతే పని జరగదనుకునేవాళ్లం. దీనిమీద ఒక్కరూ అరవలేదు. ఎంత పొందిగ్గా చేసుకుంటోందో చూడు."

మంత్రసాని పిల్లని చంకకెత్తుకుంది.

"ఏడాదంటే ఏడాదే," అంది ఆవిడ కళ్లు తొట్టిమీదే ఉంచి. "ఆ తర్వాత నీ నత్తలు కవలల్ని కన్నా నేనుండను."

"మరి పిన్నిగారికేం చెబుతారు?"

"దాన్నే ఇటు రమ్మంటాను. నీ మొగుడు హాల్లో పడుకుంటాడు. వాడికి క్రేనులో కునుకు తియ్యడం అలవాటే."

అప్పుడే గైడుగారు తలుపు తోసుకుని వచ్చారు. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు మొహంమీదే ఉన్నాయి, నోరు కూడా తెరిచారు. స్టూలు మీదినుంచి లేవకుండా, వెనక్కి తిరగకుండా, అత్తగారు వార్డులో వచ్చేపోయేవాళ్లని ఆపినట్టు అరచెయ్యి పైకెత్తింది.

ఆయన ఆగిపోయారు. కాసేపు అక్కడే నిలబడి, తర్వాత చప్పుడు కాకుండా వచ్చి మంత్రసాని పక్కన చేరి తొట్టిలోకి వంగారు. నత్త తల అటు ఊపి, ఇటు ఊపి, ఇంకో మడత వేసింది. దారం ఇంకా చాలా ఉంది.